ఉక్కు... ఇంగ్లీషుకెళ్లి ‘వూట్జ్’ అయింది!

ఒక్కసారి మీ వంటింట్లోకెళ్లి అటక మీద నుంచి అలమర దాకా చూడండి. స్టీలు గిన్నెలు, స్టీలు డబ్బాలు, స్టీలు క్యారేజీ, స్టీలు గరిటెలు. సారెలో వచ్చిన బిందె మొదలు మొన్న పేరంటంలో తాంబూలంతో పాటు చేతిలో పెట్టిన చిన్న గిన్నె వరకూ అన్నీ స్టీలే. ‘ఉక్కు గిన్నె’ అని ఏ ఇల్లాలైనా అనగా మీరు విన్నారా? విని ఉండరు.

అలాగని ఉక్కు అనే మాటను మనం వదిలేశామా అంటే, అదీ లేదు. పిల్లాడు దిట్టంగా ఉంటే ‘ఉక్కుపిండం’ అని దిష్టి తీస్తాం. పట్టుదలను ‘ఉక్కు సంకల్పం’ అంటాం. ఇంగ్లీషులో మార్గరెట్ థాచర్‌ని ఇనుప మహిళ అన్నారు. ఆ మాట మన పత్రికలకు వచ్చేసరికి ‘ఉక్కు మహిళ’ అయి కూర్చుంది. ఇనుము మనకు ఆనలేదన్న మాట! ఇనుముకైతే మన దగ్గర అంత మర్యాద లేదు మరి. దరిద్రదేవతని ‘ఇనుప గజ్జెల తల్లి’ అన్నాం గానీ ఉక్కు గజ్జెల తల్లి అనలేదు. పాత నిఘంటువుల్లో ఉక్కు అంటే లోహం ఒక్కటే కాదు, బలం, ధైర్యం అనే అర్థాలు కూడా ఉన్నాయి.

గిన్నెలకి ఇంగ్లీషు మాట తెచ్చుకున్నాం, గుణానికి తెలుగు మాట అట్టే పెట్టుకున్నాం. బాగానే ఉంది. అయితే మనం వాళ్ల స్టీలుని తెచ్చుకోవడానికి చాలా ముందే వాళ్లు మన ఉక్కుని పట్టుకెళ్లారని మీకు తెలుసా?

మా అమ్మాయి డిగ్రీ చదివే రోజుల్లో ఏదో క్విజ్ పోటీకని ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తూ నన్ను పిలిచింది. అప్పుడు మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం.

“అమ్మా, ‘డబ్ల్యూ’ దగ్గర ‘వూట్జ్’ అని ఒక మాట ఉంది. ఎక్కడిదో చెప్పుకో చూద్దాం?”

“నువ్వే చెప్పు తల్లీ, స్టవ్ మీద పులుసుంది.”

“మనింటి అడ్రసులోనే ఉందమ్మా!”

నిజమే. డబ్ల్యూ, రెండు ఓలు, టి, జెడ్. చూస్తే జర్మనీ నుంచో రష్యా నుంచో వచ్చిన మాటలా ఉంటుంది. కానీ అది మన దక్షిణాది ‘ఉక్కు’. ఆనాటి నుంచీ ఈ మాట వెంట పడి దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివిన కొద్దీ ఇది ఒక్క మాట కథ కాదని తెలిసింది.

బొంబాయి చిరునామాతో వెళ్లిన బిళ్లలు

1794 ప్రాంతంలో బొంబాయిలో హెలెనస్ స్కాట్ అనే బ్రిటిష్ డాక్టరు ఉండేవాడు. ఇక్కడి ఉక్కు పదును చూసి ముచ్చటపడి, కొన్ని ఉక్కు బిళ్లలను లండన్‌లో ఉన్న రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. ఆయన వాటిని శాస్త్రవేత్తలకు ఇచ్చి పరీక్ష చేయించాడు. 1795లో జార్జ్ పియర్సన్ ఆ పరీక్షల మీద ఒక పెద్ద వ్యాసం చదివాడు. దాని పేరులోనే ‘బొంబాయిలో తయారయ్యే, అక్కడ వూట్జ్ అని పిలిచే ఒక రకం ఉక్కు’ అని ఉంది.

ఇందులో రెండు పొరపాట్లున్నాయి చూడండి. ఆ ఉక్కు తయారయింది బొంబాయిలో కాదు, దక్షిణాది పల్లెల్లో. బొంబాయి ఓడ ఎక్కిన రేవు మాత్రమే. ఇక వూట్జ్ అనే మాట మన దేశంలో ఏ భాషలోనూ లేదు. చేసిన వాడి ఊరూ తప్పే, చేసిన వస్తువు పేరూ తప్పే!

ఉక్కు కాస్తా వూట్జ్ ఎలా అయింది? 1886లో హెన్రీ యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు వేశారు. మన దేశపు మాటలు ఇంగ్లీషులోకి ఎలా వెళ్లాయో చెప్పే పుస్తకం అది. వాళ్ల ఊహ ఏమిటంటే, ఎవరో ‘వుక్’ అని రాసింది ఇంకెవరో తప్పు చదివి ఉంటారు, ఆ తప్పే అచ్చులో పడి నిలిచిపోయింది అని. చేతిరాతలో ఒక అక్షరం మరో అక్షరంలా కనిపించడం మనకు తెలియంది కాదు. పాలవాడి లెక్కల పుస్తకం చదివిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది.

మొదట్లో ఆ ‘డబ్ల్యూ’ ఎందుకొచ్చిందని అనుమానం రావచ్చు. మన పెద్దవాళ్ల ఉత్తరాలు దాచుకుని ఉంటే తీసి చూడండి. ‘వుంది’, ‘వూరు’, ‘వుత్తరం’ అనే రాసేవారు. నోటితో పలికితే ‘ఉ’ ముందు చిన్న ‘వ’ పలుకుతుంది. విన్న దొరగారు ఆ పలుకునే పట్టుకున్నట్టున్నాడు.

నిఘంటువులు ఈ మాట పుట్టిల్లు కన్నడం అని రాస్తాయి. కన్నడంలోనూ ఉక్కే, తెలుగులోనూ ఉక్కే. అక్కచెల్లెళ్లిద్దరూ కట్టుకున్న ఒకే చీర లాంటిది. ఏ అక్కయ్య కట్టుకున్న రోజున దొరగారు చూశాడన్నదే తేడా. మనం పేచీ పెట్టుకోనక్కర్లేదు.

ఇలా ఇంగ్లీషుకెళ్లిన తెలుగు మాటలు ఇంకా ఉన్నాయి. ‘బ్యాండికూట్’ అన్నది అచ్చంగా మన పందికొక్కే. ఆస్ట్రేలియాలో సంచిజాతి చిన్న జంతువొకటి కనిపిస్తే తెల్లవాళ్లు దానికీ ఈ పేరే పెట్టారు. దానికీ మన పందికొక్కుకీ ఏ చుట్టరికమూ లేదు. ‘మడపొల్లం’ అని ఒక రకం మెత్తని నూలుగుడ్డ ఉంది. నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు పెట్టిన గిడ్డంగి నుంచి ఆ గుడ్డ ఓడలెక్కేది. తర్వాత యూరప్ మిల్లుల్లో నేసిన గుడ్డకు కూడా అదే పేరు ఖాయమైంది. నేత మన ఊళ్లో ఆగినా పేరు మాత్రం పరాయి మగ్గం మీద బతికింది. ఉక్కు కథ కూడా అచ్చం ఇంతే.

మూత పెట్టి, మట్టితో మెత్తి...

అసలు ఏముంది ఆ ఉక్కులో? ఇది మనకి సులువుగానే అర్థమవుతుంది, ఎందుకంటే ఇదంతా పొయ్యి దగ్గరి పనే.

ఇనుముకి బొగ్గు పప్పులో ఉప్పులాంటిది. బొగ్గు బొత్తిగా లేకపోతే ఇనుము మెత్తగా వంగిపోతుంది. మూడు నాలుగు శాతం పడిందంటే పోత ఇనుము అవుతుంది, కింద పడితే పగులుతుంది. ఆ మధ్యలో సరిగ్గా పడితే ఉక్కు. మన శ్లాబుల్లో వేసే చువ్వల్లో బొగ్గు పావు శాతం అటూ ఇటూ ఉంటుంది. వూట్జ్ అని పేరుపడ్డ ఆ పాత ఉక్కులో ఒకటిన్నర శాతం దాకా ఉండేది. అంత బొగ్గు వేసి కూడా పెళుసెక్కకుండా చూడటమే ఆ కమ్మరుల చేతి మహిమ.

ఎలా చేసేవారంటే, బంకమట్టిలో వరి ఊక కలిపి చిన్న మూసలు చేసేవారు. ఊక కాలి మూసకి గట్టిదనం ఇస్తుంది, నిప్పుకి పగలదు. అందులో ఇనుప ముక్కలు వేసి, పైన ఎండిన కట్టెపుల్లలు, పచ్చి ఆకులు పరిచి, మట్టితో మూత మెత్తి మూసేసేవారు. ఇలాంటి మూసలు కొన్నింటిని కొలిమిలో పేర్చి, బొగ్గు పోసి, తిత్తులు ఊదుతూ గంటల తరబడి కాల్చేవారు. లోపలి కట్టే, ఆకూ మాడి బొగ్గయి ఇనుములో కలిసిపోయేవి. తర్వాత తొందరపడకుండా చల్లారనిచ్చి మూస పగలగొడితే అడుగున గుండ్రటి బిళ్ల. పియర్సన్ చూసిన బిళ్లలు అయిదంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్నాయట. మన దిబ్బరొట్టెకి చెల్లెలన్న మాట! దిబ్బరొట్టె సంగతి మనకు తెలుసుగా, మూత తీసి తీసి చూస్తే రాదు. సన్నసెగ మీద వదిలేయాలి. ఉక్కూ అంతే.

ఆ కట్టె ఏ చెట్టుదో, ఆకులు ఏ మొక్కవో తెలిస్తే మీరు నమ్మరు. 19వ శతాబ్దంలో దక్షిణాది ఉక్కు తయారీని చూసిన ఇంగ్లీషు వాళ్లు రాసిపెట్టారు: తంగేడు కట్టె, జిల్లేడు ఆకులు! తంగేడు పువ్వు లేనిదే తెలంగాణలో బతుకమ్మ లేదు. రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకోకుండా మన ఇళ్లలో స్నానం లేదు. మనం పూజకి వాడుకున్న మొక్కలనే కమ్మరి కొలిమికి వాడుకున్నాడు. పెరటి దాటిన పదడుగుల్లో దొరికే సరంజామాతో ప్రపంచం అబ్బురపడే ఉక్కు చేశాడు.

కోనసముద్రం నుంచి పర్షియా దాకా

ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు ఆ ఊరి పేరు పర్షియా బజార్లలో తెలుసు. 1820 ప్రాంతంలో హెన్రీ వోయ్‌సీ అనే ఇంగ్లీషు డాక్టరు ఆ వైపు తిరిగి, అక్కడి ఉక్కు తయారీని కళ్లారా చూసి రాశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వ్యాపారి ఆ మారుమూల మకాం వేసి, తూకం చూసుకుని, బిళ్లలు కొనుక్కుని పోయేవాడట. ఎంత దూరం నుంచి! అంతకు చాలాకాలం ముందు, 17వ శతాబ్దంలో ఫ్రెంచి నగల వ్యాపారి తవెర్నియే కూడా పర్షియాలో కత్తులు చేసే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాశాడు.

ఆ బిళ్లలు సాగగొడితే వచ్చే కత్తుల మీద నీటి అలల్లాంటి చారలు తేలేవి. పట్టుచీర మడత మీద వెలుగు పడితే నిగనిగలాడే అలలు ఉంటాయే, అలా. పదును చెప్పనక్కర్లేదు. వాటికి లోకం పెట్టిన పేరు ‘డమాస్కస్ కత్తులు’. డమాస్కస్ ఎక్కడో సిరియాలో ఉంది. కత్తి అమ్మిన బజారు పేరు నిలిచింది, ఉక్కు వండిన ఊరి పేరు మాసిపోయింది.

ఫారడేని తిప్పలు పెట్టిన బిళ్ల

కరెంటు మోటారుకి, జనరేటరుకి దారి చూపిన మైకేల్ ఫారడే తెలుసు కదా. ఆయన కమ్మరి కొడుకు. 1819 నుంచి కొన్నేళ్ల పాటు జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఆయన చేసిన పని, ఈ వూట్జ్ గుట్టు విప్పడం. ఎంతలా మోజుపడ్డాడంటే, ఆ స్టోడార్ట్ తన దుకాణం కార్డు మీద యూరప్‌లోని మేలురకం ఉక్కు కన్నా ఇండియా వూట్జే తనకు ఇష్టమని అచ్చు వేయించుకున్నాడు. ఆపరేషన్ కత్తులు దానితో చేసి అమ్మేవాడు.

ఫారడే ఆ గుణం అల్యూమినియం పాళ్లలో ఉందేమోనని వెతికాడు. అది కాదని తర్వాత తేలింది. ఆ వెతుకులాట వృథా పోలేదు. ఉక్కులో వేరే లోహాలు కలిపి చూడటం ఆ ప్రయోగాలతోనే ఊపందుకుంది. ఫ్రాన్స్‌లో, రష్యాలో కూడా పండితులు ఇదే పని మీద కూర్చున్నారు. ఉక్కులో వేరే లోహం కలపడం అనే ఆ దారిలోనే, ఎన్నో ఏళ్ల తర్వాత, 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపి తుప్పు పట్టని ఉక్కు పోశాడు. మన గిన్నెల స్టెయిన్‌లెస్ స్టీలు అదే. కమ్మరి ఉక్కు బిళ్ల ఓడెక్కి వెళ్లింది. వందేళ్లు దాటాక దాని దూరపు చుట్టం ‘స్టీలు’ అనే పేరుతో మన వంటింట్లోకి వచ్చింది!

ఇప్పటికీ ఆ బిళ్ల గుట్టు పూర్తిగా అయిపోలేదు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు ఒక పాత డమాస్కస్ కత్తిలో, వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని బొగ్గు గొట్టాలు కనిపించాయని ప్రకటించారు. ఇనుపరాయిలో అణుమాత్రం ఉండే వెనేడియం లాంటి లోహాల వల్లే ఆ అలల చారలు వస్తాయని అమెరికాలో మరో పండితుడు తేల్చాడు.

మన పేజీ చదివే అమ్మాయిలకు ఇంకో సంగతి చెప్పాలి. ఈ పాత కొలుముల బూడిద తవ్వి చదివిన వాళ్లలో ఇద్దరు మహిళల పేర్లు ముందుంటాయి. ఒకరు బెంగుళూరుకి చెందిన శారదా శ్రీనివాసన్. లోహాల చరిత్ర చదివిన పండితురాలు, భరతనాట్యం కళాకారిణి కూడా. ప్రొఫెసర్ రంగనాథన్‌తో కలిసి వూట్జ్ మీద పుస్తకం రాశారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. మరొకరు ఇంగ్లండు పరిశోధకురాలు జిలియన్ జూలెఫ్. శ్రీలంకలో గాలివాటుతో నడిచిన పాత కొలుములను బయటపెట్టిన మనిషి. 2010లో వీళ్లంతా కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి, చిట్టెపు గుట్టలు, పగిలిన మూసల పెంకులు ఎక్కడెక్కడున్నాయో లెక్కగట్టారు. మగవాళ్ల లోకం అనుకునే కొలిమి కథని ఆడవాళ్లు తిరగరాస్తుంటే మనకి గర్వంగా ఉండదూ!

పని పోయింది, పేరు మిగిలింది

మరి ఇంత గొప్ప విద్య ఎటు పోయింది? ఎవరో ఒక్కరు వచ్చి ఆపలేదు. 1856లో బెస్సిమర్ కనిపెట్టిన పద్ధతితో ఇంగ్లండులో టన్నుల కొద్దీ చవక ఉక్కు తయారయింది. అది ఓడల్లో వచ్చి మన సంతల్లో పడింది. అడవుల మీద సర్కారు కట్టడి పెరిగి బొగ్గు దొరకడం కష్టమైంది. 1857 తిరుగుబాటు తర్వాత జనం దగ్గర ఆయుధాలు ఉండకూడదన్నారు, కత్తులు అడిగేవాడు తగ్గిపోయాడు. కమ్మరి కొలిమి నాగలి కర్రుకి, కొడవలికి, మన కత్తిపీటకి పరిమితమైంది. ఆ ఇనుము కూడా షాపులో కొన్నదే. పిల్లలకు నేర్పడానికి చేతిలో పని లేకపోతే విద్య ఎన్ని తరాలు నిలుస్తుంది?

ఇంగ్లీషు నిఘంటువులో మాత్రం ‘వూట్జ్’ చెక్కుచెదరకుండా ఉంది. మ్యూజియం అద్దాల వెనక కత్తులున్నాయి. నాకు గుచ్చుకున్నది ఇదే. ఒక మాట బతికి ఉన్నంత మాత్రాన ఆ మాట వెనకున్న మనుషులు బతికి ఉన్నట్టు కాదు.

విశాఖలో మళ్లీ ‘ఉక్కు’

ఇక మన ఊరికొద్దాం. 1966లో తెలుగు వాళ్లంతా ఒక్క గొంతుతో అరిచిన నినాదం మీ అందరికీ తెలుసు. ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’. ఒక్క క్షణం ఉక్కు తీసేసి ‘విశాఖ స్టీలు’ అని పెట్టి చూడండి. హక్కుతో ప్రాస కుదరదు, గుండెకి తగలదు. ఆ ఏడాది అక్టోబరు 15న తమనంపల్లి అమృతరావు గారు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా మొత్తం 32 మంది ప్రాణాలు పోయాయి. 32 ఇళ్లలో తల్లులు ఏడ్చారు. 1970 ఏప్రిల్ 17న ఫ్యాక్టరీ ఇస్తున్నామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న ఆవిడే వచ్చి శంకుస్థాపన చేశారు. ఉక్కు మహిళ చేతుల మీదుగా ఉక్కు ఫ్యాక్టరీ!

తర్వాత ఇరవై ఏళ్లు పట్టింది. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు గారు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. సముద్రం ఒడ్డున కట్టిన సమగ్ర ఉక్కు కర్మాగారాల్లో మన దేశంలో ఇదే మొదటిది. ఫర్నేసులకు పెట్టిన పేర్లు విన్నారా? గోదావరి, కృష్ణ, తర్వాత వచ్చిన మూడోది అన్నపూర్ణ. కొలుములకు ఇలా నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకోవడం మనకే చెల్లింది.

ఉద్యోగుల ఊరికి ఉక్కునగరం అని పేరు పెట్టారు. ఇక్కడి స్టేడియం ఉక్కు స్టేడియం. బోర్డుల మీద ఇంగ్లీషులో యు, కె, కె, యు. వూట్జ్ కాదు, ‘వుక్’ కాదు. రెండు వందల ఏళ్ల కిందట మనల్ని అడగకుండా ఎవరో రాసుకుని పాడు చేసిన మాటను, మన వాళ్లు మన పలుకుబడిలో, వాళ్ల అక్షరాలతోనే సరిచేసి రాసుకున్నారు. సర్దుకోవడం అంటే ఇదీ అని నాకు ముచ్చటేస్తుంది.

కానీ ఆ బోర్డు కిందే ఇప్పుడు దిగులు కూడా ఉంది. ఫ్యాక్టరీలో తన వాటా అంతా అమ్మేయాలని కేంద్ర ప్రభుత్వం 2021 జనవరిలో నిర్ణయం తీసుకుంది. ఆ ఫిబ్రవరిలో కూర్మన్నపాలెం కూడలిలో రిలే దీక్షలు మొదలయ్యాయి. చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లు కూడా ఆ శిబిరంలో కూర్చున్నారు. నష్టాలున్నాయని, అప్పులున్నాయని ఒకరంటారు. సొంత ఇనుప గనులు ఇవ్వకుండా రాయి కొనుక్కోమంటే నష్టం రాక ఏమవుతుందని ఇంకొకరు అడుగుతారు. ఇనుపరాయి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి రైల్లో రావాలి, కొనాలి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల సాయం ప్రకటించింది. ఆ వార్త వచ్చిన రోజు మా వీధిలో కొందరు మిఠాయి పంచారు, కొందరు ‘చూద్దాం’ అని ఊరుకున్నారు.

ఇప్పుడు మేం గాజువాకలో ఉంటున్నాం. మా వీధి చివర ఒక మామ్మగారున్నారు. ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్ల భూములు తీసుకున్నారు కదా, వాటిలో ఒక ఊరు ఆవిడది. ఉక్కు అనే మాట ఇంగ్లీషు నిఘంటువులో ఎలా ఉందో, ఎంత దూరం వెళ్లిందో ఒక సాయంత్రం ఆవిడకి చెప్పాను. చింతపండు గింజ తీస్తూ అంతా విని, ఇలా అంది:

“పేరు ఎంత దూరమెల్లితే ఏటి తల్లీ. మా ఊరి పేరు కూడా ఉంది, ఊరు నేదు. పొయ్యెలగాల. పొయ్యెలిగితేనే కూడు.”

ఆవిడ కోనసముద్రం పేరు ఎన్నడూ వినలేదు. ఆ ఊరి కథనే ఒక్క మాటలో చెప్పేసింది. అక్కడ ఇనుపరాయి చేరువలో ఉంది, బొగ్గు అడవిలో ఉంది, చేతిలో విద్య ఉంది, కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చే షావుకారున్నాడు. ఒక్కొక్కటీ జారిపోతే చివరికి మాట ఒక్కటే మిగిలింది, అదీ వంకర తిరిగి. మన దగ్గర ఉక్కు అనే మాట సరిగ్గా ఉంది. దాని వెనక గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ వెలుగుతూ ఉండటం అంతకన్నా ముఖ్యం.

ఈసారి విశాఖ వచ్చినప్పుడు బీచీ, కైలాసగిరీ చూశాక పిల్లల్ని కూర్మన్నపాలెం వైపు కూడా తీసుకురండి. గేటు మీద ఉన్న పేరు ఇంగ్లీషులో చదవమనండి. ఆ మాటే పుస్తకాల్లో వూట్జ్ ఎలా అయిందో, ఏ ఊరి వాళ్లు ఏ ఆకులు వేసి ఆ ఉక్కు వండారో చెప్పండి. ఫ్యాక్టరీ కోసం పోయిన ప్రాణాల సంగతి, ఇచ్చిన భూముల సంగతి కూడా చెప్పండి. మాట అర్థం తెలిసిన పిల్లలు రేపు ఆ మాట కోసం నిలబడతారు.